అర్జీ పెట్టుకోవడానికే ఇరవై మూడు వేలైతే పరిశోధన ఎవరు చేస్తారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో గోదావరి ఒడ్డు ఊరు. రాష్ట్రం మహారాష్ట్ర అయినా మా ఇళ్లలో, చేలల్లో, వారం సంతలో నడిచేది తెలుగే. బడిలో నేను చదివింది మాత్రం మరాఠీ. తెలుగు అక్షరాలు నాకు ఏ పంతులూ దిద్దించలేదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చే మీ పేపరు మా బాపు చదువుతుంటే పక్కన కూర్చుని హెడ్డింగులు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దండి, పొడవైందని మాత్రం దయచేసి కత్తిరించకండి.

ఈ కాలం పిల్లలకు పరిశోధన మీద శ్రద్ధ లేదని, పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడానికే పీహెచ్‌డీలు చేస్తున్నారని మీ ఉత్తరాల పేజీలో పెద్దలు అప్పుడప్పుడు రాస్తుంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ శ్రద్ధ ఉన్న పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో కూడా ఒకసారి చూడమని అడుగుతున్నాను. మా వైపు వాళ్లయితే ఫెలోషిప్పుకు, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బుకు, అర్జీ పెట్టే దగ్గరే ఆగిపోతున్నారు. తెలివి చాలక కాదు, ఆ అర్జీ పూర్తి చేయడానికి కావలసిన కాగితాలు, బస్సు ఛార్జీలు, సంతకాలు, రోజులు చాలక.

నా దగ్గర ఒక వంద పేజీల నోటుబుక్కు ఉంది. 2023 జూన్ 19న అందులో మొదటి లెక్క రాశాను, ఝెరాక్సుకు 46 రూపాయలు. అప్పటి నుంచి ఫెలోషిప్పు అర్జీల కోసం పెట్టిన ప్రతి రూపాయీ అందులో రాస్తూనే ఉన్నాను. మొన్న కూర్చుని కలిపితే 23,870 అయింది. బస్సులకు 11,300, రాత్రి ఉండాల్సి వచ్చినప్పుడు లాడ్జికీ భోజనానికీ కలిపి 5,200, ఝెరాక్సు, ప్రింటు, బైండింగ్ 3,140, నోటరీ, అఫిడవిట్లు 1,900, నెట్ సెంటర్లో ఫారాలు నింపి అప్‌లోడ్ చేయించినందుకు 2,330. మహారాష్ట్రలో 2023 మార్చి నుంచి ఎస్టీ బస్సుల్లో, అంటే ఇక్కడి ఆర్టీసీ బస్సుల్లో, ఆడవాళ్లకు సగం టికెట్టే కాబట్టి నా ఛార్జీ సగమే పడింది, తోడు వచ్చిన తమ్ముడికి మాత్రం ప్రతిసారీ ఫుల్ టికెట్టు. ఇందులో పరిశోధనకు పెట్టింది ఒక్క పైసా లేదు. పుస్తకం కొనలేదు, ఊళ్లు తిరిగి ఒక్కరితో మాట్లాడలేదు. ఇదంతా డబ్బు ఇవ్వండని అడగడానికి అయిన ఖర్చు.

మా బాపుకు రెండెకరాల మిరప చేను. నేను సాయంత్రాలు ట్యూషన్లు చెబుతాను. 23 వేలంటే మా ఇంట్లో ఎంతో చిన్న రైతు ఇంట్లో పుట్టిన వాళ్లందరికీ తెలుసు. ఇందులో తొమ్మిది వేలు మిరప కాయ అమ్మాక ఇస్తామని బాపు ఊళ్లో చేబదులు తెచ్చాడు.

నా పరిశోధన గురించి చెప్పాలి, ఎందుకంటే ఆలస్యం వల్ల ఏం పోతుందో అది చెబితేనే తెలుస్తుంది. గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ పేరు మీ పాఠకులందరికీ తెలుసు. ఆ బ్యారేజీకి ఇవతలి గట్టు మా తాలూకాలోని పోచంపల్లి. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలూ 100 మీటర్ల నీటి మట్టానికి ఒప్పందం చేసుకున్నాయి, 2019 జూన్ 21న ప్రారంభించారు. 85 గేట్లు. తెలంగాణ వైపు దాని గురించి ఎన్ని మాటలు వచ్చాయో, ఎన్ని చర్చలు జరిగాయో పేపర్లో చదివాను. మా వైపు నది ఒడ్డు చేలల్లోకి నీళ్లు వచ్చిన ఇళ్లలో ఏం జరిగిందో అడిగిన వాళ్లు చాలా తక్కువ. నేను చేయాలనుకున్నది అదే. నది ఒడ్డు చేను పోయిన ఇంట్లో ఆడమనిషి రోజు ఎలా మారింది, సొంత చేలో కలుపు తీసిన మనిషి పరాయి చేలో కూలికి పోతే ఇంట్లో ఆమె మాటకు విలువ పెరిగిందా తగ్గిందా, అప్పు ఎవరి పేరు మీద తెచ్చారు, ఎవరు తీర్చారు. నాలుగు ఊళ్లు, ఊరికి ముప్పై ఇళ్లు, ఒక్కో ఇంటికి మూడుసార్లు పోవాలని అనుకున్నాను.

నేను పీహెచ్‌డీలో రిజిస్టర్ అయింది 2023లో. అదే ఏడాది అక్టోబరు 21న బ్యారేజీ పియర్లు, అంటే గేట్లను మోసే స్తంభాలు, కుంగాయి. తర్వాత గేట్లు ఎత్తేశారు, నీళ్లు నిలపడం లేదు. మునిగిన నేల కొంత బయటపడింది, కొన్ని చోట్ల ఇసుక మేట వేసింది. అంటే నేను చూడాల్సిన స్థితి నా కళ్ల ముందే మారిపోతోంది. అప్పుడే వెళ్లి ఆ ఇళ్లలో కూర్చుని ఉంటే, 2022 జూలై వరదప్పుడు పిల్లల్ని, గొడ్లను ఎట్లా తరలించారో, బ్యారేజీ నీళ్లకూ వరద నీళ్లకూ వాళ్లు తేడా ఎట్లా చెబుతారో, ఆ మాటలు వేడివేడిగా దొరికేవి. నేను రాసుకున్న జాబితాలో మూడు కుటుంబాలు ఊరు వదిలి హైదరాబాదు వైపు కూలికి వెళ్లిపోయాయి. మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్ల ఇంటి పక్కవాళ్లకే తెలియదు. ఫెలోషిప్పు వచ్చేసరికి నా థీసిస్‌లో ఉండాల్సిన మనుషులు నా జిల్లాలోనే ఉండకపోవచ్చు. దీన్ని ఎవరైనా పరిశోధన నాణ్యత అనే లెక్కలో వేస్తున్నారా?

ఇక అర్జీల సంగతి.

మొదటిసారి నేను ఆగిపోయింది కులం కాగితం దగ్గర. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రం ఒక్కటే చాలదు, దానిపైన 'వ్యాలిడిటీ' అని ఇంకో కాగితం ఉంటుంది. మీ వైపు వాళ్లకు ఇది కొత్తగా అనిపించవచ్చు. తహసీలు నుంచి తెచ్చుకున్న పత్రం నిజమో కాదో ఒక కమిటీ పరిశీలించి ఇచ్చే ధ్రువీకరణ అది. దానికి పాత ఆధారాలు చూపించాలి. ఎస్సీ, ఎస్టీలు 1950 నాటికి, విముక్త, సంచార జాతుల వాళ్లు 1961 నవంబరు 21 నాటికి, మాలాంటి వెనుకబడిన తరగతుల వాళ్లు 1967 అక్టోబరు 13 నాటికి మా పెద్దలు ఇక్కడే ఉన్నారని, వాళ్లది ఈ కులమేనని కాగితం చూపాలి. అబద్ధపు ధ్రువపత్రాలతో సీట్లు కొట్టేసే వాళ్లను ఆపడానికి ఇది కావాలి, నేను కాదనను. ఆ సీట్లు పోయేది మాలాంటి వాళ్లవే కదా.

కానీ మా సరిహద్దు తెలుగువాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉన్నాయి. మా ఇంటిపేర్ల చివర 'వారు' ఉంటుంది కదా, అది ఇక్కడ మరాఠీ రాతలో 'వార్' అయింది. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో చివర వార్ అని ఉన్న ఇంటిపేర్లు చాలావరకు అట్లా వచ్చిన తెలుగు ఇంటిపేర్లే. ఇప్పుడు మా తాత పుట్టిన రోజు కోత్వాల్ బుక్కులో, అంటే ఊరి జనన మరణాల పాత రిజిస్టరులో ఉంది, కానీ అందులో ఇంటిపేరు లేదు, ఒట్టి పేరూ, ఆయన తండ్రి పేరూ, కులమూ. మా పెదనాన్న బడిలో చేరినప్పటి దాఖల్ ఖారిజ్ రిజిస్టర్‌లో ఇంటిపేరు వార్ లేకుండా ఉంది. బాపు సర్టిఫికెట్లో వార్ ఉంది. నా సర్టిఫికెట్లో వార్ ఉంది గానీ స్పెల్లింగు వేరు. తాత పేరు ఒక చోట మల్లయ్య, ఇంకో చోట మల్లా, మరో చోట మల్లాజీ. మరాఠీ గుమాస్తా చెవికి ఎట్లా వినపడితే అట్లా రాశాడు, అందులో ఆయన తప్పు కూడా ఏమీ లేదు. ఈ ముగ్గురూ ఒకే మనిషి అని, ఈ మూడు రకాల ఇంటిపేర్లూ ఒకే ఇల్లు అని నిరూపించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. వంశావళి రాసి అఫిడవిట్ ఇవ్వాలి, ఊరి పెద్దల మాట రాయించాలి, ఒక కాగితం మీద స్టాంపు సరిగా పడలేదంటే మళ్లీ పోవాలి. తండ్రి వైపు రక్తసంబంధీకుల్లో ఒక్కరికి వ్యాలిడిటీ ఉన్నా మిగతా వాళ్లకు పని సులువవుతుంది. మా ఇంట్లో అట్లాంటి ఒక్కరు లేరు, ఎందుకంటే ఆ కాగితం అవసరమయ్యేంత చదువు నాకంటే ముందు ఎవరూ చదవలేదు.

జిల్లా కేంద్రం మాకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆలాపల్లి మీదుగా పోయే ఆ రోడ్డు వానాకాలంలో ఎట్లా ఉంటుందో ఒకసారి ప్రయాణం చేసిన వాళ్లెవరూ మర్చిపోరు. పొద్దున బస్సెక్కి ఆఫీసు చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ, కిటికీ దగ్గర నిలబడితే "ఉద్యా యా" అంటారు, అంటే రేపు రండి అని. ఆ ఒక్క మాటకు మాకు రాత్రి లాడ్జి, రెండు పూటల భోజనం, తమ్ముడికి ఇంకో రోజు కూలి పోవడం. ఊళ్లోనే ఇల్లున్న వాళ్లకు రేపు రావడం కష్టం కాదు. ఆ కిటికీ వెనకాల కూర్చున్న ఆయనకు మా ఊరు ఎక్కడుందో తెలిస్తే అట్లా అనకపోయేవాడేమో.

ఆ కాగితం చేతికి వచ్చేలోపు నేను అర్జీ పెట్టాలనుకున్న ఫెలోషిప్పు గడువు దాటిపోయింది. వృత్తి విద్యా కోర్సుల ప్రవేశాల్లో వ్యాలిడిటీ తర్వాత ఇవ్వడానికి ప్రభుత్వం గడువు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. పరిశోధక విద్యార్థులకూ అట్లాగే చేయొచ్చు. దాఖలు చేసిన రసీదు ఉంటే అర్జీ తీసుకోండి, ఎంపికైన తర్వాత ఆరు నెలల్లో పత్రం ఇవ్వకపోతే డబ్బు ఆపండి. ఇందులో ప్రభుత్వానికి పోయేది ఏమీ లేదు.

రెండోసారి అర్జీ వెళ్లింది, తిరిగొచ్చింది. ఇందులో తప్పు నాదే, పూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇది చదివే ఇంకో అమ్మాయికైనా పనికొస్తుంది. నేను నా సినాప్సిస్‌కు, అంటే ఏం పరిశోధన చేస్తానో చెప్పే ప్రణాళికకు, పెట్టిన పేరు 'మేడిగడ్డ బ్యారేజీ, సిరోంచ తాలూకా ప్రజల జీవనంపై ప్రభావం'. ఇరవై పేజీలు రాశాను. గోదావరి చరిత్ర రాశాను, నీటి ఒప్పందాలు రాశాను, నిర్వాసితుల బాధలు రాశాను. మా గైడు మేడమ్ అంతా చదివి "అంతా బాగుంది, నీ ప్రశ్న ఏది?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై పేజీల్లో ఎక్కడా ఒక ప్రశ్న లేదు. బాధ ఉంది గానీ ఆ బాధలో నాకు తెలియనిది ఏమిటో, దాన్ని ఎట్లా తెలుసుకుంటానో లేదు. అప్పటికే గడువు దగ్గర పడిందని ఆ కాగితాన్నే పంపేశాను, ఫెలోషిప్పు ఇచ్చేవాళ్లు వద్దన్నారు. వద్దనడం న్యాయమే.

తర్వాత మేడమ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అర్జీ చదివే నిపుణుడు మా ఊరి వాడు కాదు, అతనికి సిరోంచ మ్యాపులో ఎక్కడుందో కూడా తెలిసి ఉండకపోవచ్చు. మొదటి పేజీ చదివేసరికి అతనికి ఏం అడుగుతున్నానో తెలియాలి, ఇంతకుముందు వాళ్లు ఎంతవరకు చెప్పారో, నేను ఎక్కడి నుంచి మొదలుపెడతానో తెలియాలి. ఎన్ని ఇళ్లు అంటే ఎందుకు అన్నే ఇళ్లు అని చెప్పాలి. ఏ నెలలో ఏం చేస్తానో రాసేటప్పుడు మిరప ఏరే రోజుల్లో ఆడవాళ్లు ఇంటి దగ్గర దొరకరని తెలిసి రాయాలి, నగరంలో కూర్చుని రాసేవాడికీ నాకూ తేడా అదే కదా. ఖర్చుల లెక్కలో సిగ్గుపడకూడదు. నేను మొదటిసారి తక్కువ అడిగితే ఇస్తారని బస్సు ఖర్చు సగానికి సగం తగ్గించి వేశాను. మేడమ్ కొట్టేసి "ఇంత తక్కువ వేస్తే నువ్వు ఆ ఊళ్లకు నిజంగా పోవని అనుకుంటారు" అన్నారు. ఇవన్నీ నాకు ఎవరో ఒకరు బీఏలోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. పట్నం కాలేజీల్లో సీనియర్లు పాత అర్జీలు జూనియర్ల చేతిలో పెడతారట. నా జూనియర్ల చేతిలో పెట్టడానికి నా ఊళ్లో మొదటి అర్జీ నాదే.

మూడోసారి ప్రశ్న ఉంది, లెక్క ఉంది, వ్యాలిడిటీ ఉంది. ఫార్వర్డింగ్ లెటర్ రాలేదు. నేను రిజిస్టర్ అయిన విశ్వవిద్యాలయం, దాని పేరు నేను చెప్పను, ఈ విద్యార్థిని మా దగ్గరే చదువుతోంది అని ఒక్క పేజీ మీద సంతకం, స్టాంపు వేసి ఇవ్వాలి. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో రెండు సెలవులు, ఒక అధికారి టూరు. గడువు శుక్రవారం సాయంత్రంతో అయిపోయింది, నా చేతికి లెటర్ సోమవారం వచ్చింది. బస్సులో వెనక్కి వస్తూ ఆ లెటర్ చూసుకుంటూ కూర్చున్నాను. ఇంటికి రాగానే బాపు "అయిందా బిడ్డా?" అని అడిగాడు. కాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, మరుసటి రోజు చెప్పాను. ఏమీ అనలేదు, చేనుకు పోయాడు.

యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, మళ్లీ రిజిస్టర్ చేయించుకుంటే ఇంకో రెండేళ్లు. విద్యార్థికి ఇంత గట్టి గడువు పెట్టారు, ఆలస్యమైతే రిజిస్ట్రేషన్ పోతుంది. విద్యార్థికి ఇవ్వాల్సిన ఒక్క పేజీ సంతకానికి మాత్రం గడువు లేదు. ఏడు రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే గైడు సంతకంతోనే అర్జీ చెల్లుతుంది అని ఒక్క వాక్యం పెడితే ఎంతమంది బయటపడతారో.

మరి జేఆర్ఎఫ్ కొట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నెట్ అనే జాతీయ పరీక్షలో పై మార్కులు వచ్చినవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్పు అది. నేను నెట్ రాశాను, పాసయ్యాను కూడా, కానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వరకే వచ్చింది, జేఆర్ఎఫ్ మార్కులకు కొంచెంలో ఆగాను. ఆ కొంచెం తేడాకు వెల ఎంతో చెబుతాను. జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్పు) అయితే 42,000, అంతకుముందు 31,000, 35,000 ఉండేది. రాకపోతే, కేంద్ర విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లకు నాన్ నెట్ ఫెలోషిప్పు కింద నెలకు 8,000. అది పదేళ్లు దాటినా ఒక్క రూపాయి పెరగలేదు. 2015లో దాన్ని కూడా తీసేస్తామంటే ఢిల్లీలో విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు రాత్రింబవళ్లు కూర్చున్నారు. నాలా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లకు ఆ పథకంలో ఆ ఎనిమిది వేలు కూడా లేవు. నాలుగు మార్కుల తేడాలో ఒకరికి 37 వేలు, ఒకరికి సున్నా. ఇద్దరూ రాయాల్సిన థీసిస్ ఒక్కటే, ఇద్దరికీ గడువు ఒక్కటే. పైగా భాషా సబ్జెక్టులు తప్ప నెట్ పేపర్లు ఇంగ్లీషు, హిందీలోనే ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ చదివిన నాలాంటి వాళ్లు మూడో, నాలుగో భాషలో లాజిక్ ప్రశ్నలు చదివి అర్థం చేసుకునేలోపు టైము అయిపోతుంది. జేఆర్ఎఫ్‌కు వయసు 30, ఆడవాళ్లకు, రిజర్వేషన్ వాళ్లకు ఐదేళ్లు సడలింపు. నాకిప్పుడు 33. ఇంకా రాస్తాను, కానీ ఆ టెన్షన్ చదివింది తలకెక్కనివ్వదు.

ఉన్న దారులు చెప్పకుండా కష్టాలు మాత్రమే రాయడం నాకిష్టం లేదు. సామాజిక శాస్త్రాల వాళ్లకు ఢిల్లీలోని ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి) డాక్టోరల్ ఫెలోషిప్పు ఉంది, నెలకు 20,000. తోబుట్టువులు లేని ఒక్కగానొక్క ఆడపిల్లకు యూజీసీ వాళ్ల సావిత్రీబాయి జోతీరావు ఫూలే ఫెలోషిప్పు ఉంది, మా తాలూకాలో ఒక్క కూతురే ఉన్న తల్లిదండ్రులకు నేను చెప్పేవరకు దాని పేరు తెలియదు. మహారాష్ట్రలో ఎస్సీ విద్యార్థులకు పుణేలోని బార్టీ, గిరిజనులకు అక్కడిదే టీఆర్‌టీఐ, ఓబీసీ, సంచార జాతుల వాళ్లకు నాగపూర్‌లోని మహాజ్యోతి, మరాఠా, కుణబీలకు సారథి అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. గిరిజనులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఫెలోషిప్పులు ఏడాదికి 750. అందులో అతి వెనుకబడిన ఆదిమ తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలి, మా జిల్లా మాడియా గోండులు ఆ తెగల్లోకే వస్తారు. నాతో ఎంఏ చదివిన ఒక మాడియా స్నేహితురాలికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆమె తన భాషలోని మొక్కల పేర్ల మీద పరిశోధన చేయాలనుకునేది. ఇప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో రోజు లెక్కన పనిచేస్తోంది.

నదికి అవతల తెలంగాణ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కదా అంటారు. మాకు అవి జిల్లా కేంద్రం కంటే దగ్గర. కానీ అక్కడ మేం నాన్ లోకల్, అక్కడి ప్రభుత్వ సాయం అక్కడి నివాసులకే. మా భాషతో పని చేయగల గైడ్లు అటు ఉన్నారు, మా కాగితాలు ఇటు ఉన్నాయి. సరిహద్దు తాలూకాల పిల్లలకు కనీసం పరిశోధన వరకైనా, రాష్ట్రం అడ్డు లేకుండా కొన్ని సీట్లు, కొంత డబ్బు పెట్టమని తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. నాందేడ్ జిల్లాలోని కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగు పిల్లలదీ ఇదే కథ.

మా తాలూకాకు పరిశోధన కొత్త కాదండీ. ఇక్కడి కోట అనే ఊరి పేరు మీదే భూగర్భ శాస్త్రంలో ఒక రాతి పొరకు కోట ఫార్మేషన్ అని పేరు ఉంది. ఆ రాళ్లలో దొరికిన చేపల శిలాజాల గురించి 1850ల నాటికే శాస్త్రవేత్తలు రాశారు. 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మా పోచంపల్లి దగ్గర తవ్వి పెద్ద డైనోసార్ ఎముకలు తీశారు. దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు, బెంగాలీలో పెద్ద కాలు అని, చివర రవీంద్రనాథ్ టాగోర్ పేరు. ఆ అస్థిపంజరం ఇప్పటికీ కలకత్తాలో నిలబడి ఉంది. నేను దాన్ని చూడలేదు, ఫోటో చూశాను. ఒక సంస్థ డబ్బు పెట్టి, జీపులు పంపి, మనుషుల్ని నెలల తరబడి ఇక్కడ ఉంచింది కాబట్టే కోట్ల ఏళ్ల కిందటి ఎముకలు ప్రపంచానికి తెలిశాయి. అదే నేల మీద ఇప్పుడు బతికి ఉన్న మనుషుల గురించి అడగడానికి నాకు కావలసింది నాలుగు ఊళ్లకు బస్సు ఛార్జీ, ఒక వాయిస్ రికార్డరు, రెండేళ్ల పాటు ట్యూషన్లు మానేసి తిరగగలిగేంత తిండి ఖర్చు.

అందుకే పెద్ద ఫెలోషిప్పు ఇచ్చేదాకా ఆగకుండా, పీహెచ్‌డీలో రిజిస్టర్ అయిన ప్రతి పేద విద్యార్థికీ మొదటి ఏడాది నెలకు ఐదారు వేలైనా నేరుగా ఇవ్వాలని అడుగుతున్నాను. కోర్సు వర్క్, అంటే పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన పేపర్లు, పాసైన రుజువు, ఆదాయ పత్రం చాలు, పోటీ వద్దు. ఆ డబ్బుతో ఒక మనిషి కాగితాలు సమకూర్చుకుంటుంది, పైలట్ స్టడీకి, అంటే ముందుగా చేసే చిన్న పరిశీలనకు, పది ఇళ్లు తిరుగుతుంది, తర్వాత రాసే అర్జీలో ఆ పది ఇళ్ల మాటలు ఉంటాయి. అప్పుడు పోటీ పెట్టండి, ఎవరిది బాగుంటే వాళ్లకివ్వండి. ఇప్పుడైతే ఊహించి రాసిన అర్జీలు, చూసి రాసిన అర్జీలు ఒకే తక్కెడలో పడుతున్నాయి, చూడటానికి డబ్బు ఉన్నవాడిదే బరువుగా తూగుతోంది.

నాలుగో అర్జీ పోయిన నెల పంపాను. ఈసారి ఫార్వర్డింగ్ లెటర్ కోసం గడువుకు రెండు నెలల ముందే వెళ్లి కూర్చున్నాను, వచ్చింది. ఫలితం ఇంకా తెలియదు. ఈలోగా అంకీస, ఆసరెల్లి వైపు నుంచి ఇద్దరు అమ్మాయిలు వాళ్ల సినాప్సిస్‌లు పట్టుకుని ఆదివారాలు మా ఇంటికి వస్తున్నారు. ఒకామె పత్తి చేలల్లో పనిచేసే బడి మానేసిన పిల్లల మీద చేయాలనుకుంటోంది, ఇంకొకామె ప్రాణహిత పడవల వాళ్ల మీద. ముందు వాళ్లను "నీ ప్రశ్న ఏది?" అని అడుగుతున్నాను, తర్వాత మీ తాత పేరు ఎన్ని రకాలుగా రాశారో వెతకమంటున్నాను.

మీకు నాది ఒక్క విన్నపం. ఉద్యోగ ప్రకటనలకు మీ పేపర్లో వారానికి ఒక పేజీ ఉంది. అందులో ఒక మూల ఈ ఫెలోషిప్పుల గడువు తేదీలు, ఏ కాగితాలు కావాలో, తెలుగులో వేయండి. ఇంగ్లీషు వెబ్‌సైట్లలో అవి ఎప్పుడు వస్తాయో ఎప్పుడు పోతాయో మా వైపు తెలియదు, సిగ్నల్ లేని రోజులే ఎక్కువ. పేపరు మా ఊరికి పది దాటాక వస్తుంది, అయినా ఆ మూల కత్తిరించి ఆ ఇద్దరికీ ఇస్తాను.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా